లారీ ఎక్కే ముందు

తమ్ముళ్లారా, హెవీ లైసెన్సు చేతికొచ్చింది గదా అని ఎవరు పిలిస్తే వాళ్ల లారీ ఎక్కకండి. నేను అట్లాగే ఎక్కాను. మణుగూరు బొగ్గు లోడు. మొదటి రోజే ఓనరు ఐదు వేలు అడ్వాన్సు ఇచ్చి, నా ఒరిజినల్ లైసెన్సు తీసి బీరువాలో పెట్టుకున్నాడు. ఇక మానేద్దామంటే దారేది? టైరు పగిలితే జీతంలో కోత. బయటపడడానికి ఏడు నెలలు పట్టింది. మన గూడెం పిల్లలు ఎదురు చెప్పరని వాళ్లకొక లెక్క.

కాబట్టి జిరాక్సు ఇవ్వండి, ఒరిజినల్ ఇవ్వొద్దు.

ఆయన మన కాగితాలు చూసినట్టే మనమూ బండి కాగితాలు చూడాలి. నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలుస్తుంది. ఇన్సూరెన్సు అయిపోయిన బండి తోలమనేవాడు మన ప్రాణానికేం విలువ కడతాడు?

తర్వాత లోడింగు పాయింటుకు పోయి ఆ ఓనరు దగ్గర చేసిన డ్రైవర్లతో టీ తాగండి. బత్తా రోజుకా, ట్రిప్పుకా? లైన్లో రెండు రోజులు ఆగితే ఇస్తాడా? డీజిల్ తక్కువొస్తే ఎవరి మీద వేస్తాడు? ఓవర్‌లోడుకు 2019 సవరణ చట్టంలో జరిమానా 20,000, పైన ప్రతి టన్నుకూ 2,000. అది ఎవరు కడుతున్నారు? మూడు నెలలకొక డ్రైవరు మారే బండైతే ఇంకేం అడగక్కర్లేదు, వచ్చేయండి.

'మావాళ్లు రాత్రంతా తోలుతారు' అని గొప్ప చెప్పేవాళ్లుంటారు. రోజుకు 8 గంటలేనని 1961లోనే చట్టం రాశారు.

అడ్వాన్సు మాత్రం, ఇంట్లో ఎంత ఇబ్బందున్నా, ఒక నెలలో తీర్చగలిగినంతే తీసుకోండి.