మతిమరుపు వచ్చిన పెద్దలు – మన గృహములు



వృద్ధాప్యమున కలుగు మతిమరుపును గూర్చి నేడు మాటలాడ సంకల్పించితిమి. వయసుతో వచ్చునదే కదా, దానికింత ప్రసంగమెందుకని కొందరికి తోచవచ్చును. తాళపుచెవి ఎచ్చట పెట్టితిమో మరచుట వేరు; అది దేనికి ఉపయోగించునో తెలియకపోవుట వేరు. ఈ రెండవది రోగము. వైద్యులు దానిని డిమెన్షియా అందురు. అందులో అధికముగా కనిపించునది అల్జీమర్స్ వ్యాధి. 1906లో ఆలోయిస్ అల్జీమర్ అను జర్మనీ వైద్యుడు దానిని మొదట వివరించుటచే ఆ పేరు వచ్చినది. మన దేశమున అరువది దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారని 2023లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా.

థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము, మనోవ్యాకులత వలన కూడ ఇట్టి మరపు కలుగవచ్చును. అవి చికిత్సకు లొంగును గనుక ముందు వైద్యునికి చూపవలెను. అల్జీమర్స్‌ను పూర్తిగా నయముచేయు మందు మాత్రము నేటికిని లేదు. అయినను ఆ పెద్దల దినములు సుఖముగా గడచుట చాలవరకు ఇంటివారి చేతిలోనే ఉన్నది.

ఒక సంగతి ఇండ్లలో తరచుగా జరుగును, బయటికి మాత్రము రాదు. అత్తగారు తన గాజులను బియ్యపు డబ్బాలో దాచి, దాచిన సంగతి మరచును. కనబడకపోవుటచే "కోడలే తీసింది" అని ఇరుగుపొరుగువారితో చెప్పును. నిద్రాహారములు మాని సేవచేయు కోడలు ఆ మాటకు కుమిలిపోవును. ఏడాదికొకమారు వచ్చు ఆడబిడ్డ ఆ మాటనే నమ్మును. ఈ విధముగా ఎన్ని కుటుంబములు చీలినవో! దొంగతనపు అనుమానము ఈ రోగ లక్షణములలో ఒకటియని తెలిసియుండిన ఆ ఇంట అంత కలత ఉండదు. "నేను తీయలేదు" అని వాదించిన ఆమె భయము పెరుగును. "గాజులు కనబడలేదా అత్తయ్యా? పదండి, ఇద్దరం వెదుకుదాం" అన్నచో శాంతించును. అందులో అసత్యమేమియు లేదు.

వాదమున గెలుచుట ఏల వ్యర్థమో 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము వారి పరిశోధనలో తేటపడినది. అల్జీమర్స్ రోగులకు దుఃఖము, సంతోషము కలిగించు చలనచిత్ర దృశ్యములు చూపిరి. కొంతసేపటికి వారు దృశ్యములను మరచిరి. ఆ దుఃఖము, ఆ సంతోషము మాత్రము వారిలో నిలిచియే యుండెను. మనము కసరిన మాటను వారు మరచిపోవుదురు, కసరుట వలన కలిగిన బాధ మిగులును.

సాయంకాలమున ఈ రోగులకు కలవరము హెచ్చుచుండును. "నన్ను మా ఇంటికి తీసుకుపొండి" అని తన ఇంటిలోనే కూర్చుండి తండ్రిగారు అడుగును. "ఇదే మన ఇల్లు నాన్నా" అని పదిమారులు చెప్పి ఫలములేదు. ఆయన కోరునది బహుశః చిన్ననాటి ఇల్లు, లేదా ఆ ఇంటి నెమ్మది. ఆ ఇంటి పెరటిలో ఏ చెట్లుండెడివో అడుగుడు. చేయి పట్టుకొని వీధిలో నాలుగడుగులు నడిపించి తీసికొనిరండు. చీకటి పడకమునుపే దీపములు వెలిగింపుడు. చిరునామా, ఫోను నంబరు వ్రాసిన చీటి ఎల్లప్పుడు జేబులో ఉండవలెను. ఒకటి రెండు దినములలోనే కలవరము మితిమీరినచో మూత్రవ్యాధియో, మలబద్ధమో, చెప్పుకొనలేని నొప్పియో కారణము కావచ్చును. వెంటనే వైద్యునికి చూపవలెను.

పేర్లు మరచిన చేతులకు పనులు జ్ఞాపకముండును. మనుమని పేరు చెప్పలేని అవ్వ దూదితో వత్తులు చక్కగా చేయగలదు, పూలు కట్టగలదు, చిక్కుడు ఈనెలు తీయగలదు. వంకర వచ్చిననేమి? "నీవు కూర్చో, నీకు తెలియదు" అని ఆ పనిని లాగివేయరాదు. భోజన విషయమున మన పూర్వుల అలవాటు ఇచ్చట అక్కరకు వచ్చును: తెల్లని పళ్ళెములో తెల్లని అన్నము వారికి సరిగా కానరాదు, పచ్చని అరటాకులో స్పష్టముగా కనబడును.

గీత రెండవ అధ్యాయమున కోపము తుదకు స్మృతిని చెరచునని చెప్పబడినది. దానిని పట్టుకొని, "ఈయన జీవితమంతా కోపిష్ఠి, అందుకే ఇట్లయినది" అనువారు కలరు. ఇది తగని మాట. ఆ శ్లోకము ఆవేశమున మనుజుడు తన్ను తాను మరచుటను గూర్చినది. మెదడు కణములు క్షీణించు రోగముతో దానికి సంబంధము లేదు. వర్తించునందురా, ఒకే ప్రశ్న పదిమారులు విని కేకలు వేయు మనకే ముందు వర్తించును.

ఇక సేవచేయువారి మాట. ఈ భారము సాధారణముగా ఒక్క స్త్రీ మీదనే పడును. ఆమెకు ప్రశంస కంటె వారమునకు రెండు పూటల విశ్రాంతి ముఖ్యము. ఆ రెండు పూటలు బంధువులో, పొరుగువారో వచ్చి పెద్దల చెంత కూర్చుండవచ్చును. వృద్ధుల సమస్యలకై 14567 అను ఉచిత ఫోను నంబరు దేశమంతట కలదు. దూరదేశముల నుండి ఫోను చేయు బిడ్డలు, "నేనెవరో చెప్పు చూద్దాం" అని తల్లిని పరీక్షింపరాదు. "అమ్మా, నేను నీ చిన్నబ్బాయిని" అని తామే ముందు చెప్పి, అటుపిమ్మట ఫోనును వదినగారికి ఇమ్మని, ఆమె ఎట్లున్నదో కూడ అడుగవలెను.