ఫిల్మ్ సిటీకి వెళ్తే బస ఎక్కడ?

ఈ సెలవుల్లో పిల్లలకు రామోజీ ఫిల్మ్ సిటీ చూపిద్దామనుకుంటున్న మండపేట వాసులకు బస గురించి నాలుగు మాటలు.

1996లో మొదలైన ఫిల్మ్ సిటీ హైదరాబాదు నడిబొడ్డున లేదు. విజయవాడ రహదారిలో, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉంది. కారులో వెళ్తే మనకు నగరం కంటే ముందే తగులుతుంది. నగరం మధ్యలో గది తీసుకుంటే ట్రాఫిక్‌లో అంత దూరం వెళ్లి, మర్నాడు పొద్దున్నే అదే దారిన వెనక్కి రావాలి. కాబట్టి హయత్‌నగర్, ఎల్బీ నగర్ వైపు చూసుకోండి. ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార హోటళ్లున్నాయి. అక్కడ దిగేవాళ్లు ప్రవేశ టికెట్టు అద్దెలో కలిసిందో, విడిగా కొనాలో ముందే అడగండి.

ఇక గది సంగతి. ఫ్యామిలీ సూట్ అనగానే డబ్బు కట్టేయకండి. కొన్నిచోట్ల అవి నిజంగా రెండు గదులు. కొన్నిచోట్ల ఒకే పెద్ద గదిలో అదనంగా ఓ పరుపు వేస్తారంతే. మంచాలెన్ని, బాత్‌రూములెన్ని, అదనపు పరుపుకెంత, ఎన్నేళ్లలోపు పిల్లలకు ఉచితం అని ఫోనులోనే తేల్చుకోండి. మామ్మగారో తాతగారో వెంట ఉంటే లిఫ్టు, వెస్ట్రన్ కమోడ్ ఉన్నాయో లేదో కనుక్కోండి. రాత్రి బయల్దేరి తెల్లవారుజామున చేరేవాళ్లు, గది ఎన్నింటికి ఇస్తారో తప్పక అడగాలి. చాలా హోటళ్లు మధ్యాహ్నం దాకా ఇవ్వవు.

ఫిల్మ్ సిటీ విస్తీర్ణం 1,666 ఎకరాలు. లోపల బస్సుల్లో తిప్పినా నడక తప్పదు. సాయంత్రానికి అలిసిపోయే పిల్లలకూ పెద్దలకూ దగ్గరలో దొరికే శుభ్రమైన గదే మేలు.