చిన్న పనికి పెద్ద దూరం
(బస్తీ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాల మీద మన సభల్లో చర్చ జరుగుతూనే ఉన్నది. నేను అంతకంటే చిన్నదిగా కనిపించే విషయం ఒకటి ఎత్తుకుంటాను. ఒక మామూలు పని కోసం మనం గడప దాటి ఎంత దూరం పోవలసి వస్తున్నది? ఆ దూరం ఎవరు పోతున్నారు, ఎవరి ఖర్చుతో?

ఈ నగరం నడిచేవారి కోసం పుట్టిన నగరం. 1591లో చార్మినార్ లేచింది. దాని చుట్టూ నాలుగు బాటలు, ఆ బాటల వెంట బజార్లు ఏర్పడ్డాయి. 1595లో మొహమ్మద్ కులీ కుతుబ్ షా దారుల్‌షిఫా వైద్యశాలను కట్టించినప్పుడు అది చార్మినార్‌కు నడక దూరంలోనే ఉన్నది. బజారు, వైద్యం, విద్య, న్యాయం అన్నీ కాలినడకన అందవలసినవే అనుకున్న కాలమది. ఆ అలవాటు పాతబస్తీలో నేటికీ కొంత మిగిలింది. పాలు, రొట్టె, మాంసం, కూరగాయలు, దర్జీ, మంగలి, సైకిలు బాగుచేసేవాడు అందరూ గల్లీ మలుపులోనే దొరుకుతారు. తిండి విషయంలో మనం అదృష్టవంతులమనే చెప్పాలి.

ఈ అదృష్టం నగరానికి పడమటి దిక్కున ఉన్నవారికి లేదు. మాధాపూర్, గచ్చిబౌలి వైపు ప్రహరీగోడల కాలనీలు చూడండి. గోడ వెనకనే కిరాణా దుకాణం ఉంటుంది, గేటు మాత్రం ఇంకో రోడ్డు మీద ఉంటుంది. కొత్తిమీర కట్టకు కారు తీస్తారు. నా మిత్రుడొకడు అటు కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. నడవడానికి చోటు లేక ఇంట్లోనే కూర్చుని మోకాళ్ళు పట్టేశాయని వాపోతుంటాడు. నగరపాలక సంస్థ పరిధి 2007లో 170 పైచిలుకు చదరపు కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 600 దాటింది. తర్వాత 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయింది. వాహనం ఉన్నవాడిని దృష్టిలో పెట్టుకొని పెరిగిన నగరం ఇది. అయితే వారి దూరానికీ మన దూరానికీ భేదం ఉన్నది. వారికి పాలు దూరం, కాగితం దగ్గర. బ్యాంకు, బీమా, పాస్‌పోర్టు వ్యవహారాల్లో చాలా భాగం కూర్చున్నచోటనే ఫోనులో నడిపించుకుంటారు. మనకు పాలు దగ్గర, కాగితం దూరం.

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను కనుక కాగితం దూరం ఎంతో నాకు తెలుసు. కౌంటరు ఇవతల కూర్చున్నవాడికి ‘రేపు రండి’ అన్నది రెండు మాటలు మాత్రమే. అవతల నిలుచున్న మనిషికి అది రానూపోనూ ఆటో కిరాయి, ఒక రోజు కూలి. ఫోటో అతికించలేదని ఒకసారి, సంతకం సరిపోలలేదని ఒకసారి, అధికారి సెలవులో ఉన్నారని ఒకసారి వెనక్కు పంపడం నేను చూశాను. ఉదాహరణకు బార్కాస్ నుంచి నాంపల్లి హజ్‌హౌస్‌కు రండి. వక్ఫ్ బోర్డు, మైనారిటీల ఆర్థిక సంస్థ అక్కడే ఉన్నాయి. పోవడమే పది కిలోమీటర్లకు పైమాట, రానూపోనూ ఇరవై. మూడుసార్లు తిరిగితే అరవై అవుతుంది, అంటే హైదరాబాదు నుంచి భువనగిరి దాటి పోయినంత. ఒక్క దరఖాస్తు కోసం ఊరు విడిచి ఊరు పోయినంత ప్రయాణం నగరంలోనే చేస్తున్నామన్నమాట. ఆ కార్యాలయాల్లో పనిచేసేవారిని నేను తప్పుపట్టడం లేదు, దూరం వారు పెట్టింది కాదు. కాని మన కోసమే ఏర్పడిన సంస్థల కౌంటరు ఒకటి మన మధ్యన ఎందుకు ఉండరాదు?

బస్తీలో అద్దెలు మోయలేక షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ వైపు వెళ్ళిన కుటుంబాల స్థితి ఇంకా కష్టం. వారి చుట్టాలు, పని, పెద్దాసుపత్రి ఇక్కడనే ఉండిపోయాయి. వారి జిల్లా మాత్రం రంగారెడ్డి. ఆ జిల్లా కలెక్టరేటు 2022 ఆగస్టులో లక్డీకాపూల్ నుంచి కొంగరకలాన్‌కు తరలింది. కొత్త భవనం విశాలంగా ఉన్నది, కాదనను. కారులో ఔటర్ మీదుగా పోయేవాడికి అది సుఖం. షేర్ ఆటో మారి మారి పోవలసిన విధవరాలికి ఆ పూట అక్కడికే సరి.

ఇక ప్రయాణ సాధనాల సంగతి. మెట్రో రైలు 2017 నవంబరులో మొదలైంది. రెండవ కారిడారు జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫలక్‌నుమా వరకు పోవలసినది. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనప్పుడు మహాత్మా గాంధీ బస్‌స్టేషన్ దగ్గరనే ఆగింది. మొదటి దశలో 69 కిలోమీటర్ల మార్గం పూర్తయింది. మిగిలిపోయిన ఐదున్నర కిలోమీటర్లు పాతబస్తీవే. మార్గం మీద అభ్యంతరాలు వచ్చిన మాట నిజం, ప్రార్థనా స్థలాలకు, ఆస్తులకు నష్టమని చెప్పినవారిలో మనవారూ ఉన్నారు. ఆ ఆందోళనను నేను తేలికగా తీసుకోను. కాని నగరంలో మిగతాచోట్ల వచ్చిన చిక్కులకు పరిష్కారం దొరికింది. ఇక్కడి చిక్కుకే ఏళ్ళ తరబడి వాయిదా దొరికింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర ఈ భాగానికి శంకుస్థాపన జరిగింది. రైలు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండవలసిన బాధ్యత మనది.

రైలు పట్టాలు మనకు లేవనుకోకండి. ఫలక్‌నుమా, ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట మీదుగా ఎంఎంటీఎస్ నడవడం మొదలై 20 ఏళ్ళు దాటింది. టికెట్టు చౌక. బండ్ల సంఖ్య తక్కువ, ఒకటి తప్పిపోతే మరొకటి ఎప్పటికో. కొత్త మార్గం తవ్వనవసరం లేకుండా, ఒక్క ఇల్లు కూల్చనవసరం లేకుండా దూరం తగ్గించగల సాధనం ఇది. దీని కోసం మనం రైల్వేవారిని ఎన్నిసార్లు కలిశాం?

2023 డిసెంబరు 9 నుంచి మన ఆడపడుచులకు ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఇది మంచి పని, మనసారా అంటున్నాను. అయితే బస్సు వచ్చే రోడ్డు దాకా ఎట్లా పోవాలి? లోపలి గల్లీల నుంచి పెద్ద రోడ్డుకు వచ్చేసరికి ఆటోకు ఇచ్చుకోవలసిందే. చిన్న బస్సులు లోపలి దారుల దాకా తిరిగితే ఆ పథకం పూర్తిగా మనదవుతుంది.

ఈ దూరాన్ని ఎవరైనా లెక్కించారా అని మీరు అడగవచ్చు. 2011 జనగణనలో పనికి ఎంత దూరం పోతున్నారు, ఏ వాహనం మీద పోతున్నారు అని అడిగారు. ఆ ప్రశ్న కూడా అందరికీ కాదు. సాగుదారులను, వ్యవసాయ కూలీలను, ఇంటి పరిశ్రమలో ఉన్నవారిని వదిలేశారు. మన బస్తీలో ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్ళు అతికే అమ్మ, జర్దోజీ కుట్టే ఆపా ఆ లెక్కలోకి రారు. ఆమె ముడిసరుకు తెచ్చుకోవడానికి, తయారైన సరుకు అప్పగించడానికి వారంలో ఎన్నిసార్లు తిరిగినా అది ప్రయాణం కాదు. పిల్లవాడిని ఆసుపత్రికి తీసుకుపోవడం, రేషను తేవడం, పింఛను కోసం బ్యాంకు ముందు నిలబడడం కూడా ప్రయాణం కాదు. సంపాదించేవాడి దారికి మాత్రమే కొలత ఉన్నది, ఇల్లు నడిపేవారి దారికి లేదు.

బ్యాంకు మాట వచ్చింది కనుక ఒక్క ముక్క. 2006 నవంబరులో వెలువడిన సచార్ కమిటీ నివేదిక, ముస్లింలు ఎక్కువగా నివసించే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు ‘నెగెటివ్ జోన్లు’గా గుర్తించి అప్పులకు వెనుకాడుతున్నాయని రాసింది. అంటే దూరం కిలోమీటర్లలోనే ఉండదు. ఎదురుగా శాఖ ఉండి కూడా అప్పు కోసం ఇంకెక్కడికో పోవలసి రావచ్చు.

దూరం తగ్గించడం అసాధ్యమని ఎవరూ అనలేరు. 2018లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. అంతకుముందు జ్వరానికి కూడా ఉస్మానియా దాకా పోయి వరుసలో నిలబడిన మనుషులు ఇప్పుడు చెప్పులు వేసుకొని నడిచిపోయి మందులు తెచ్చుకుంటున్నారు. చిన్న గది, ఒక డాక్టరు, ఒక నర్సు, అంతే కావలసివచ్చింది. వైద్యానికి జరిగింది కాగితానికి ఎందుకు జరగదు? వారంలో ఒక నిర్ణీత రోజున సంక్షేమ శాఖల ఉద్యోగి ఒకరు బస్తీకి వచ్చి దరఖాస్తులు తీసుకోవాలి, తప్పులు ఉంటే అక్కడే సరిదిద్దించాలి, రసీదు ఇవ్వాలి. గది మనం ఇస్తాం. ఆ రోజు తప్పిపోతే ముందుగా చెప్పాలి.

అడిగేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి. నోటిమాటను ఏ కార్యాలయమూ దాఖలు చేసుకోదు, ఇది గుమాస్తాగా చెబుతున్నాను. అందుకే తలుపు దగ్గర బల్ల మీద నోటుబుక్కులు పెట్టించాను, ఇంటికి ఒకటి తీసుకువెళ్ళండి. తేదీ, ఏ పని, ఎక్కడికి, ఎవరు పోయారు, దేని మీద పోయారు, ఎంత ఖర్చు, పని అయిందా లేదా అని గీతలు గీసి ఉన్నాయి. ఒక్క నెల రాయండి. పని కాలేదంటే కారణం కూడా రాయండి, అదే అన్నిటికంటే ముఖ్యం. రాయడం రానివారి ఇళ్ళకు మన ఇంటర్ చదివే అమ్మాయిలు శుక్రవారం సాయంత్రం వస్తారు. పుస్తకాలు వచ్చే నెల మొదటి ఆదివారం ఇక్కడే తిరిగి ఇవ్వండి, మొత్తాలు నేను కూడి పెడతాను.