బిడ్డను ఏ కొలతతో కొలుచుచున్నాము?



మా సండే స్కూలులో నాలుగేండ్ల బాబు ఒకడుండెను. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడడు. పాట మొదలుపెట్టగానే చెవులు మూసికొనును. తల్లి కలతపడగా, "వీని తాతగారికి కూడ మాటలు ఆలస్యముగానే వచ్చినవి, దిగులుపడకమ్మా" అని చెప్పినవారము మేమే. ఆమె మా మాట నమ్మి రెండేండ్లు ఊరకుండెను. తరువాత వైద్యులు ఆటిజమ్ అని తేల్చిరి. ఆ రెండేండ్లు మరల తెచ్చి యియ్యలేము గనుకనే నేడు ఈ నాలుగు మాటలు చెప్పుచున్నాము.

ఆటిజమును రక్తపరీక్ష గాని, ఎక్స్‌రే గాని తేల్చలేదు. బిడ్డ నడవడిని చూచి, పెద్దలను అడిగి నిర్ణయింపవలెను. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసినది మొదలు, పరీక్షలు ఎక్కువగా పాశ్చాత్య దేశములలోనే తయారైనవి. అయితే నడవడి దేశమునకొక తీరు. పెద్దల యెదుట తలవంచుట మన యిండ్లలో మర్యాద. ఆ పరీక్షలలో కన్నులలోనికి చూడకపోవుట ఒక గుర్తు. పేరెన్నికగన్న ఏ.డి.ఓ.ఎస్. పరీక్షలో చిన్నపిల్లలచేత బొమ్మకు పుట్టినరోజు చేయించు ఆట కలదు. ఇంట ఎన్నడును కేకు, కొవ్వొత్తులు చూడని బిడ్డ అక్కడ తెల్లబోయినచో, అంతమాత్రమున అది ఆటిజమగునా?

పొరపాటు రెండవవైపు కూడ జరుగును. అమెరికాలో చాలకాలము నల్లజాతి పిల్లలలోను, హిస్పానిక్ పిల్లలలోను ఆటిజమును తెల్లవారి పిల్లలలోకంటె తక్కువగా గుర్తించిరి. 2020 సంవత్సరపు లెక్కలలో మొదటిసారి ఆ తారతమ్యము తారుమారాయెను. పరీక్షలు, అవగాహన ఆ యిండ్లకు చేరుట అందుకొక కారణమని చెప్పుదురు. అంతవరకు ఎందరు పిల్లలు "మొండివారు" అనిపించుకొనిరో!

మన దేశపు పిల్లలకొరకు 40 అంశముల కొలమానము ఒకటి సికింద్రాబాదులోని జాతీయ సంస్థ ద్వారా వచ్చినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము కూడ చేరినది. కాని ఎంత మంచి కొలమానమైనను, ఇంటివారు నోరు విప్పనిదే పనిచేయదు.

కావున మా మనవి రెండే. తల్లికి అనుమానము కలిగినప్పుడు "పెద్దయితే అదే సర్దుకొనును" అనకుడి. వెంటనే చూపించుమనుడి, చెవులు కూడ పరీక్ష చేయించుమనుడి. పరీక్షకు వెళ్లినప్పుడు ఇంట ఏ భాష మాటలాడుదురో, బిడ్డ ఏ ఆటలాడునో, ఎవరి చేతులలో పెరుగుచున్నాడో సిగ్గుపడక చెప్పుడి.

ఆ బాబు నేడును మా తరగతికి వచ్చుచున్నాడు. పాటవేళ తలుపు దగ్గర నిలుచును. మేము డోలకు మెల్లగా వాయించుట నేర్చుకొనుచున్నాము.