ఫోను ఆటలో మాటలు

మన సరిహద్దు ఊళ్లలో సాయంత్రం ఆరు దాటాక గుడి మెట్ల మీదనో, మూసిన అంగడి అరుగు మీదనో నలుగురైదుగురు కుర్రవాళ్లు కూర్చుని కనిపిస్తారు. తలలు వంచుకుని ఉంటారు. చేతిలో ఫోను, చెవిలో వైరు. పక్కపక్కనే ఉన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. నోళ్లు మాత్రం మూతపడవు. "రేయ్, ఈడ ఏం లేదు, ఆ మేడ ఎక్కుదాం రా." "వెనకాల ఉండాడు, చూస్కో." "నేను పడిపోయినా, వచ్చి లేపు." దారిన పోయే పెద్దవారికి ఇవన్నీ పిచ్చి మాటల్లా వినిపిస్తాయి. ఈ ఆటల వల్ల కళ్లు పాడవుతాయని, చదువు చెడుతుందని పత్రికల్లోనూ సభల్లోనూ చాలామంది చెప్పారు. ఆడుతూ పిల్లలు ఏం మాట్లాడుకుంటారో చెప్పినవారు తక్కువ. ఈనాటి ప్రసంగంలో ఆ మాటలను గురించి మనవి చేస్తాను.

ఆట తెలియనివారి కోసం ముందుగా కాస్త చెప్పాలి. పబ్జీ అనే ఆట 2018లో ఫోన్లలోకి వచ్చింది. నూరుమంది ఒక విమానంలో ఒక దీవి మీదుగా పోతూ పారాచూట్లతో దూకుతారు. ఒట్టి చేతులతో దిగి, ఖాళీ ఇళ్లలో వెతికి తుపాకులు, తూటాలు, మందులు ఏరుకుంటారు. పొద్దు గడిచేకొద్దీ ఆ దీవిలో నిలవదగిన చోటు ఒక వలయంలా కుంచించుకుపోతుంది. చివరికి మిగిలిన జట్టుది గెలుపు. ఒక ఆటకు సుమారు అరగంట పడుతుంది. ఫ్రీ ఫైర్ కూడా ఇదే తరహా ఆట. అందులో యాభైమంది, పది నిమిషాలు. తక్కువ ధర ఫోనులో కూడా నడుస్తుంది కనుక పల్లెల్లో దానికి గిరాకీ ఎక్కువ. నలుగురు ఒక జట్టుగా ఏర్పడవచ్చు. ఆ నలుగురూ నాలుగు ఊళ్లలో ఉన్నా సరే, ఫోనులోని మైకు ద్వారా ఆడుతున్నంతసేపూ మాట్లాడుకోవచ్చు. నన్నడిగితే ఆటలోని తుపాకుల కన్నా ఈ మైకుకే ఆకర్షణ ఎక్కువ.

2020లో కరోనా లాక్‌డౌన్ నాడు పాఠాల కోసమని ఇంటింటా పిల్లల చేతికి ఫోను ఇచ్చాము. పాఠం అయిపోయినా ఫోను చేతిలోనే ఉండిపోయింది. అదే ఏడు సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. 2021 జులైలో ఆ ఆటే మన దేశం కోసం బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. 2022 జులైలో అదీ ఆగిపోయి, 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధిస్తే పిల్లలు దాని మ్యాక్స్ రకానికి మారారు. ప్రతిసారీ పెద్దలు పీడ వదిలిందనుకున్నారు. క్యారమ్ బోర్డు విరిగితే పేక ముక్కలు తీసినట్టు, పిల్లలు ఇంకో ఆటలో అదే నలుగురూ మళ్లీ జట్టు కట్టారు.

ఇక వాళ్ల మాటల సంగతి. ఏరుకున్న సామానును లూట్ అంటారు. ఇది మన లూటీయే. హిందీ నుంచి ఇంగ్లీషులోకి పోయి, ఇప్పుడు ఆట పేరుతో ఇంటికి తిరిగి వచ్చింది. ఒక్కసారిగా మీద పడడాన్ని రష్ అంటారు. పొదలో నక్కి, ఎవరో ఒకరు వచ్చేదాకా కదలకపోవడాన్ని క్యాంపింగ్ అంటారు. అలా ఆడేవాడికి గెలుపు దక్కినా గౌరవం దక్కదు. ఆట చేతకానివాడు నూబ్. ఇంకొకటి చూడండి, ఏఎఫ్‌కే అంటే కీబోర్డు దగ్గర లేనని అర్థం. కంప్యూటరు ఆటల నుంచి వచ్చిన మాట. కీబోర్డును చేత్తో తాకని పిల్లవాడు కూడా, అమ్మ బిందె పట్టుకు రమ్మంటే "ఏఎఫ్‌కే రా, రెండు నిమిషాలు" అని లేస్తాడు. తూటాలను ఇంగ్లీషులో పొట్టిగా "అమ్మో" అంటారు. మనవడు గదిలోంచి "అమ్మో! అమ్మో!" అని కేకలు పెడుతుంటే తేలు కుట్టిందేమోనని పరుగెత్తిన అవ్వలు మన ఊళ్లలో ఒకరిద్దరు కాదు.

అయితే ఈ కేకలన్నీ ఆటలో కొద్దిసేపే. పోరు జరిగేది ఒక నిమిషమో రెండు నిమిషాలో. మిగిలిన సమయమంతా నడవడం, వెతకడం, కాచుకోవడం. అసలు కబుర్లు అప్పుడే సాగుతాయి. నిన్నటి క్రికెట్‌లో ఎవరు ఎలా ఆడారు, కొత్త సినిమా మన ఊరి టాకీసుకు ఎప్పుడొస్తుంది, లెక్కల పరీక్షలో ఏ ప్రశ్న వచ్చింది, ఇంట్లో ఈ పూట ఏం వండారు, ఇవే కబుర్లు. జట్టులో ముందుగా చనిపోయినవాడు అందరికన్నా ఎక్కువ మాట్లాడతాడు. వాడికి ఇక పని లేదు. బతికున్న స్నేహితుడి కళ్లతో ఆట చూస్తూ సలహాలు చెబుతాడు, పాటలు పాడతాడు, వాళ్ల నాన్న చేత చివాట్లు తిన్న కథ చెబుతాడు. ముఖాముఖి అయితే చెప్పలేని బాధలు కూడా అప్పుడు బయటికి వస్తాయని పిల్లలే నాతో అన్నారు. ఒకవైపు చేతులకు పని ఉంది, కళ్లు వేరే చోట ఉన్నాయి. అప్పుడు నోరు తేలికగా తెరుచుకుంటుంది. చేనులో కలుపు తీస్తూ ఆడవాళ్లు మాట్లాడుకునే తీరు చూసినవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

మన పెద్దల ఆటలూ ఇలాగే సాగేవి. పులి-మేక ఆటను కన్నడంలో ఆడు-హులి అంటారు, తమిళంలో ఆడు-పులి ఆట్టం అంటారు. మన వామన గుంటలు కన్నడ దేశంలో అళిగుళి మణె, తమిళ దేశంలో పల్లాంగుళి. మన బిళ్లంగోడు కన్నడంలో చిన్ని-దాండు, తమిళంలో కిట్టిపుల్లు, మరాఠీలో విటీ-దాండూ. హంపీలో రాతి నేల మీద చెక్కిన ఆట గళ్లు నేటికీ కనిపిస్తాయి. ఆ గళ్ల చుట్టూ కూర్చున్నవారు పులిని గురించి, మేకను గురించి మాత్రమే మాట్లాడుకున్నారని నేను నమ్మను.

ఇప్పుడు మన సరిహద్దు తెలుగువారికి ప్రత్యేకమైన విషయానికి వస్తాను. బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, బళ్లారి ప్రాంతాల్లో ఎన్నో ఇళ్లలో మాట తెలుగు, బడి కన్నడం. హొసూరులో బడి తమిళం. బరంపురంలో ఒడియా, షోలాపురంలో మరాఠీ. ఇలాంటి చోట పెరిగే పిల్లవాడికి తెలుగు అంటే వంటింటి భాష. అమ్మతో, అవ్వతో తప్ప బయట దానితో పని తక్కువ. పదేళ్లు వచ్చాక అమ్మతో మాటలూ తగ్గుతాయి. అటువంటివాడు ఫోను ఆటలో మైకు తెరిస్తే అటువైపు హిందూపురం కుర్రవాడు, కర్నూలు కుర్రవాడు, ఒక్కోసారి శ్రీకాకుళం కుర్రవాడు వినిపిస్తాడు. ఇంటివాళ్లు కాని తెలుగువాళ్లతో, తన ఈడువాళ్లతో, తన ఇష్టం కొద్దీ తెలుగులో మాట్లాడడం చాలామంది పిల్లలకు అదే మొదటిసారి. "నీ తెలుగు అదోలా ఉందేమిరా" అని వాళ్లు నవ్వుతారు. "నీదే అదోలా ఉంది" అని వీడంటాడు.

ఆ కలయికలో తమాషాలు పుడతాయి. బెంగళూరు వైపు కుర్రవాళ్లు స్నేహితుణ్ణి "మగా" అని పిలుస్తారు. కన్నడంలో మగ అంటే కొడుకు. మన పిల్లలకూ అది నాలుక మీదే ఉంటుంది. ఆ మాట విన్న కర్నూలు కుర్రవాడు "మగో ఆడో చూసి తెలుసుకోలేవా" అని ఎదురు తగులుకుంటాడు. షోలాపురంలో ఇంకా చిత్రం. మరాఠీ కుర్రవాడు "భావా" అంటే అన్నా అని అర్థం. తెలుగు కుర్రవాడు "బావా" అంటే అక్క మొగుడో మేనత్త కొడుకో. ఇద్దరూ ఒకరినొకరు ఒకే మాటతో పిలుచుకుంటున్నామనుకుంటారు. ఒకడు అన్న వరస, ఇంకొకడు బావ వరస కలుపుతున్నాడు. ఆటకు దానితో ఏ అడ్డమూ లేదు.

రాత కూడా ఉంది. మైకు పనిచేయనప్పుడు అక్షరాలు కొడతారు. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు. తెలుగు లిపి రానివాడు కూడా ఈ విధంగా రోజూ తెలుగు రాస్తున్నాడు. ఇది భాషకు అవమానమని నా తోటి ఉపాధ్యాయులు కొందరు అంటారు. నాకు అలా తోచదు. రాయాలన్న అవసరం వాడికి కలిగింది. లిపి నేర్పడానికి ఇంతకన్నా మంచి అదను మనకు ఏ వాచకం వల్లా దొరకలేదు.

చెడు లేదని నేననడం లేదు. మైకులో వినిపించే తిట్లు మహా ఘోరమైనవి. ఎక్కువ హిందీలో వస్తాయి. ఆరో తరగతి పిల్లవాడు వాటి అర్థం తెలియకుండానే, ధైర్యం చూపే మాటలనుకుని పలుకుతాడు. అర్థం విడమరచి చెప్పినప్పుడు ముఖం పాలిపోయి కూర్చున్నవాళ్లను చూశాను.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అన్నతో సమానంగా ఆడుతుంది. మైకు మాత్రం తెరవదు. ఎందుకమ్మా అంటే, "ఆడగొంతు వినబడితే ఆట వదిలేసి నా మీద పడతారు, టీచర్" అంది. ఊరు ఎక్కడ, ఫోటో పంపు, అని ఒకడు. వంట చేసుకో పో అని ఒకడు. అందుకని మగపిల్లవాడి పేరు పెట్టుకుంది. శత్రువు ఎక్కడున్నాడో పటం మీద గుర్తు పెట్టి చూపుతుంది. ఆటలో ముందే తయారుచేసి ఉంచిన వాక్యాలు కొన్ని ఉంటాయి, వాటిని నొక్కుతుంది. నేను ఇంతసేపూ చెప్పిన కబుర్లు, వేళాకోళాలు, కొత్త తెలుగు, కొత్త స్నేహాలు, ఇవేవీ ఆ పిల్లకు లేవు. మన ఇళ్లలో మగపిల్లలను కూర్చోబెట్టి "మీ జట్టులో ఆడపిల్ల వస్తే ఎలా మాట్లాడతారు?" అని అడిగిన తండ్రి ఎంతమంది ఉన్నారు? ఈ ఒక్క విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది.

డబ్బు విషయం త్వరగా చెప్పి ముగిస్తాను. ఈ ఆటల్లో డైమండ్లని, యూసీ అని నాణేలు అమ్ముతారు. వాటితో కొనేది ఎక్కువగా బొమ్మకు తొడిగే బట్టలు, తుపాకీకి వేసే రంగులు. ఉచితంగా డైమండ్లు ఇస్తాను, ఓటీపీ చెప్పు అని ఎవరైనా అంటే అది మోసమే. డబ్బు పోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. డబ్బు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. పిల్లవాడు ఆట మానుకోలేకపోతున్నాడని, తిండీ నిద్రా చదువూ అన్నీ చెడుతున్నాయని తోస్తే టెలీ మానస్ వారి నంబరు 14416. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే ఒక వైద్య విభాగం నడుస్తోంది. ఆడే ప్రతి పిల్లవాడికీ వ్యసనం అన్న ముద్ర వేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని రుగ్మతగా గుర్తించినప్పుడు, మామూలుగా ఏడాది పాటు ఆ లక్షణాలు కనిపించాలని చెప్పింది. రాత్రి తొమ్మిది దాటాక ఫోను పెద్దల దగ్గర ఉండాలన్న కట్టడి అన్ని ఇళ్లకూ మంచిదే. అంతకుముందు ఒక పూట, చెవి వైరు తీసేయించి, పక్కన కూర్చుని ఒక ఆట పూర్తిగా వినండి. ఎవరితో ఆడుతున్నాడు, ఏం మాట్లాడుతున్నాడు అన్నది అరగంటలో తెలిసిపోతుంది.

మా బడి పిల్లలకు ఒకసారి ఇంటిపని ఇచ్చాను. మీ ఆటను మీ అవ్వకు తెలుగులో వివరించండి, ఆమె ఏమన్నదో రాసుకు రండి అని. తెలుగు అక్షరాలు రావు కనుక అందరూ తెలుగును కన్నడ లిపిలో రాశారు. చదువుతుంటే చాలా ముచ్చటేసింది. ఒకడి అవ్వ అంతా విని, "నూరుమందీ ఒకే విమానంలో కలిసి వచ్చినారు కదా, దిగినాక కొట్టుకునేది ఎందుకురా?" అని అడిగిందట. వాడికి జవాబు తోచలేదు. ఆ రాత్రి మైకులో జట్టువాళ్లను అడిగాడు. ఇళ్లలో వెతుకుతున్నంతసేపూ నలుగురూ ఆలోచించారట. చివరికి హిందూపురం కుర్రవాడు అన్నాడట, "టిక్కెట్టు డబ్బుల దగ్గర తేడా వచ్చింటుందిలే" అని.