తోడెవరు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఇంజనీరింగ్ గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళుగా బెంగళూరులో యంత్రాల మధ్య బతుకుతున్నవాణ్ణి. వాటి గురించి మొదలుపెడితే భోజనాల వేళకు సగం మంది నిద్రపోతారు. అందుకని తిండి గురించే మాట్లాడతాను. మా అమ్మాయి ఈ మధ్య ఒక్కతే ఫ్రాన్సుకు పోయి పదిహేను రోజులు తిరిగి వచ్చింది. ఆ కథలో మన బడి కూడా ఉంది.

పోతానన్నప్పుడు నేను అడిగిన మొదటి మాట, "తోడెవరు?" అని. "తోడెందుకు నాన్నా? నా జీతం, నా సెలవు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనడిగిన మాట నాది కాదు, మా నాయనది. మా అక్క పల్లెలో ఐదో తరగతి పాసయింది. ఆరో తరగతికి ఆమడగూరు రావాలంటే చేన్ల మధ్య నడిచి రావాలి. "తోడెవరు?" అన్నాడు మా నాయన. ఎవరూ లేరు. అక్క చదువు అక్కడికి ఆగిపోయింది. నాలుగేళ్ళ తర్వాత అదే దారిలో నేను ఒక్కణ్ణే నడిచి వచ్చాను. నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. తెల్లవారి, "పోయిరామ్మా" అన్నాను.

పారిస్‌లో పాప నేర్చుకున్న మొదటి పాఠం పలకరింపు. అంగట్లోకి పోగానే "బోంజూర్" అనాలి. అనకుండా నేరుగా ధర అడిగితే మర్యాద తెలియని మనిషి కింద లెక్క. మన పల్లెల్లో ఎదురుపడినవాళ్ళను "ఏమప్పా, తింటివా?" అనకుండా పోతే ఎలాగో, అదీ అంతే. మా పాప మాంసం తినదు, గుడ్డు తింటుంది. అందుకే రెండో పాఠంగా "నేను మాంసం తినను" అనే వాక్యం బాగా బట్టీ పట్టింది.

అక్కడ రొట్టెకు ఉన్న గౌరవం చూసి ఆశ్చర్యపోయింది. బాగెట్ అనే పొడుగాటి రొట్టెను పొద్దున్నే పొయ్యి వేడి ఆరకముందే కొని, చంకలో పెట్టుకుని, కొస తుంచి తింటూ ఇంటికి పోతారట. 'ట్రెడిషన్' పేరుతో అమ్మే రొట్టె ముద్దను ఫ్రీజర్లో గడ్డకట్టించకూడదని 1993లో ప్రభుత్వం ఉత్తర్వే ఇచ్చింది. ఫ్రెంచివాళ్ళ విందు భోజన సంప్రదాయాన్ని 2010లోనూ, బాగెట్ తయారీ నేర్పును 2022లోనూ యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

పారిస్ నుంచి రెన్ అనే ఊరికి రైలెక్కింది. దాదాపు 350 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. రైలు ఎట్లా ఉందని నేను అడిగితే, తను ఆకలి గురించి చెప్పింది. మధ్యాహ్నం మూడింటికి హోటలుకు పోతే వంటిల్లు మూసేశారు. రెండు దాటితే మళ్ళీ రాత్రి ఏడింటికే. అక్కడ తిండికి వేళ ఉంటుంది, ఆ వేళకు పనులన్నీ పక్కకు తప్పుకుంటాయి. ఫోను చూసుకుంటూ పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేసే మా ఆఫీసువాళ్ళకు ఈ పాఠం కావాలి.

ఆ రాత్రి తిన్నది గాలెట్. అది అచ్చం మన దోసె! రెన్ ఉన్న బ్రిటనీ ప్రాంతంలో నేల సారం తక్కువ. గోధుమ కలిగినవాళ్ళ తిండి, బక్‌వీట్ లేనివాళ్ళ తిండి. పేరులో గోధుమ ఉన్నా అది గోధుమ జాతి కాదు, మూడు మూలల నల్లటి గింజ. ఆ పిండిలో నీళ్ళు, ఉప్పు కలిపి, గుండ్రటి పెనం మీద పోసి, చిన్న కొయ్య పట్టెతో తిప్పి పలుచగా పరుస్తారు. పైన గుడ్డు, చీజ్ వేసి అంచులు మడుస్తారు. "నాన్నా, మనకు రాగులు ఎట్లో వాళ్ళకు ఇవి అట్ల" అని ఫోను చేసింది. ఒకప్పటి పేదల తిండికి ఇప్పుడు జనం వరుస కడుతున్నారట. మనం మాత్రం చుట్టాలొస్తే సంగటి గిన్నె దాచిపెడుతున్నాం.

దక్షిణాన సముద్రం ఒడ్డున నీస్ ఊళ్ళో ఇంకొక చుట్టం కలిసింది. పేరు సొక్కా. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చి, ముక్కలు చేసి, మిరియాల పొడి చల్లి ఇస్తారు. సంతలో నిలబడి చేత్తోనే తినేసింది.

ఒక్కదానికే బల్ల ఇమ్మంటే ఎవరూ వింతగా చూడలేదట. కానీ ఆ దేశం కూడా మొదటినుంచీ అట్లా లేదు. అక్కడి ఆడవాళ్ళకు ఓటు హక్కు 1944లో వచ్చింది. భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయడానికి, సొంతంగా బ్యాంకు ఖాతా తెరవడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. మనవాళ్ళూ తక్కువేమీ కాదు. పోతం జానకమ్మ అనే తెలుగావిడ ఇంగ్లాండు చూసివచ్చి తెలుగులో రాసి, దాన్ని తానే ఇంగ్లీషులోకి మార్చి 1876లోనే పుస్తకంగా తెచ్చింది.

పండక్కి మా అక్క ఇంటికి పోయాం. పాప ఫోటోలు చూపిస్తుంటే అక్క ఒకటే అడిగింది: "ఒక్కదానివే కూర్చుని తింటా ఉంటే ఎవరూ ఏమీ అనలేదామ్మా?"

"బోంజూర్ అన్నారత్తా."

అక్క నవ్వింది. కాసేపు ఆగి, "నేను కదిరికి కూడా ఒక్కదాన్నే పోలేదు" అంది. కోపంతో అనలేదు. కోపంగా అనుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మిత్రులారా, ఈ బడిలో ఇప్పుడు చదివే ఆడపిల్లల్లో ఎవరికైనా రేపు దూరపు ఊళ్ళో సీటు రావచ్చు, ఉద్యోగం రావచ్చు, ఊరికే చూసిరావాలని కోరికా పుట్టవచ్చు. ఇంట్లోవాళ్ళు "తోడెవరు?" అంటారు. ఆ పిల్లల ప్రయాణ ఖర్చుకు, హాస్టలు అడ్వాన్సుకు మన సంఘం చిన్న నిధి ఒకటి పెడితే, తోడు మేమున్నామని చెప్పడానికి వీలవుతుంది. మొదటి చందా మా అక్క పేరున నేను ఇస్తున్నాను.

భోజనానికి వేళయింది. ఆ వేళను ఫ్రెంచివాళ్ళ లాగే గౌరవిద్దాం.