మందు మధ్యలో ఎందుకు ఆగిపోతున్నది?



హెచ్.ఐ.వి. అనే మాట మన సభలలో వినిపించడం అరుదు. వినిపించినా అది నీతిబోధగానే ముగుస్తుంది. వ్యాధి ఎలా వచ్చిందన్నది నేటి నా విషయం కాదు. మొదలుపెట్టిన మందు మధ్యలో ఎందుకు ఆగిపోతున్నదన్నదే నా విషయం.

2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులను ఉచితంగా ఇస్తున్నది. 2017 నుండి వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ, నీరసించేవరకు ఆగకుండా, చికిత్స అందిస్తున్నారు. నేడు చాలామందికి మూడు మందులు కలిసిన ఒకే మాత్ర, రోజుకు ఒకసారి. క్రమం తప్పక వాడితే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. ఆ స్థితి నిలిచినంతకాలం దాంపత్యం వలన భాగస్వామికి సోకదు. మానితే మళ్లీ పెరుగుతుంది. మింగుతూ మానుతూ ఉంటే ఆ మందుకు లొంగని వైరస్ తయారవుతుంది.

మందు ఉచితం, మాత్ర ఒక్కటే. అయినా మానుతున్నారంటే నిర్లక్ష్యమని తేల్చివేయడం సులభం. నేను చూసినంతలో మొదటి కారణం ఇంటి గోడల మధ్యనే ఉన్నది. ఉమ్మడి కుటుంబంలో కోడలు మందు సీసాను ఎక్కడ పెట్టుకోవాలి? సీసాపై కాగితం చింపివేసి బియ్యం డబ్బాలో దాచిన ఒక స్త్రీని నేనెరుగుదును. నాలుగు రోజుల పెళ్లికి వెళ్లినపుడు ఆమె దానిని వెంట తీసుకుపోలేదు. అత్తవారు అప్పటికే ఆమె పళ్లెం, గ్లాసు వేరు చేశారు. కలిసి తింటే ఈ వ్యాధి సోకదని వారికి ఎవరూ చెప్పలేదు.

మరికొందరు సొంత ఊరి కేంద్రంలో తెలిసినవారు కనబడతారని పక్క జిల్లాకు పోతారు. బస్సు చార్జీ, ఒకనాటి కూలి పోతాయి. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇచ్చే ఏర్పాటున్నది; అడగాలి. గల్ఫ్ వీసా వైద్యపరీక్షలో వ్యాధి బయటపడి ప్రయాణం ఆగిన యువకుల సంగతి వేరు. ఏజెంటుకు కట్టిన అప్పు ఒకవైపు, ఇంట్లో ప్రశ్నలు మరొకవైపు. వారిలో కొందరు చికిత్స కేంద్రం గడప కూడా తొక్కరు.

రంజాను గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పగలు మింగకూడదు కనుక నెలంతా మానివేసేవారున్నారు. రోజుకు ఒకే మాత్ర అయితే ఇఫ్తార్ తరువాతనో సహరీలోనో వేసుకోవచ్చును. వేళ మార్చుకునే ముందు, రంజానుకు కొన్ని వారాల ముందుగానే, వైద్యుని అడగాలి. క్షయ కూడా ఉన్నవారికి పన్నెండు గంటల ఎడంతో అదనపు మాత్ర ఇస్తారు. వారికి ఉపవాసం కష్టమే. రోగికి మినహాయింపు ఖురాన్‌లోనే ఉన్నది కదా! ఇంకొక మాట: కడుపుమంట మాత్రలు, ఐరన్, కాల్షియం ఈ మందు పనిని తగ్గించగలవు. వాటి సంగతి వైద్యునికి దాచవద్దు.

2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబర్ 10 నుండి అమలులో ఉన్నది. ఉద్యోగంలో, బడిలో, వైద్యంలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపడం నేరుగా ఆ చట్టానికి విరుద్ధం. ఆసుపత్రి సిబ్బంది ఒకరి పరిస్థితిని అనుమతి లేకుండా వెల్లడించరాదు. కార్యాలయంలో పనిచేసినవానిగా ఒక సలహా: ఫిర్యాదు నోటితో కాక కాగితంపై ఇవ్వండి, నకలు దగ్గర ఉంచుకోండి.

సందేహాలకు 1097 ఉచిత ఫోను నంబరు ఉన్నది. మసీదు కమిటీవారు అనుమతిస్తే దానిని తెలుగులో, ఉర్దూలో నోటీసు బోర్డుపై వచ్చే శుక్రవారం నేనే వ్రాసి పెడతాను.